నాటు టమాట గింజ నాటితే మళ్లీ అదే కాయ ఎందుకు?

హైదరాబాద్ కొండాపూర్‌లో బాల్కనీ కుండీలో టమాట పెంచాలంటే ముందు గింజ సంగతి తెలియాలి. సూపర్‌మార్కెట్ కాయలు ఎక్కువగా హైబ్రిడ్‌వే. రెండు వేర్వేరు రకాలను కలిపితే పుట్టినవి కాబట్టి, వాటి గింజలు నాటితే ఒక మొక్క ఒకలా, ఇంకోటి ఇంకోలా కాస్తుంది. బఠానీ మొక్కల్లో శాస్త్రవేత్త మెండెల్ చూసింది ఇదే.

నాటు రకం అలా మారదు. టమాట పువ్వులో కేసరాలన్నీ గొట్టంలా అతుక్కుని, కీలాన్ని చుట్టేసి ఉంటాయి. పుప్పొడి లోపలే రాలుతుంది; బయటి పుప్పొడికి చోటు తక్కువ. తరతరాలుగా తనతో తానే కలవడంతో గుణాలు స్థిరపడ్డాయి.

పుప్పొడి రాలాలంటే పువ్వు అదరాలి. గాలి ఆ పని చేస్తుంది, తుమ్మెద రెక్కల కండరాలతో ఝుమ్మని అదిరించి ఇంకా బాగా చేస్తుంది. తేనెటీగకు ఆ విద్య రాదు, పాపం! అద్దాలు మూసిన బాల్కనీలో గాలీ తుమ్మెదా రెండూ ఉండవు గనక, పొద్దున పూలగుత్తిని వేలితో మెల్లగా తట్టండి.

హైదరాబాద్ ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటుతుంది. 35 దాటితే చాలు, పుప్పొడి దెబ్బతిని పూత రాలుతుంది. అందుకే ఆగస్టు, సెప్టెంబరుల్లో నారు పోస్తే చలికాలంలో కాయలు తినొచ్చు.

మళ్లీ నాటేందుకు గింజ దాచుకోవాలంటే, బాగా పండిన నాటు కాయ గింజల్ని గుజ్జుతో సహా గ్లాసులో రెండు మూడు రోజులు పులియనివ్వండి. మొలకను ఆపే జిగురుపొర వదులుతుంది. కంపు కొడుతుంది, భరించాలి! కడిగి, కాగితం మీద కాకుండా పళ్లెంలో నీడన ఆరబెట్టండి, కాగితానికైతే అతుక్కుపోతాయి.