మీకు తెలుసా? అరచేతిలో కొలోసియం!

రోమ్‌లోని కొలోసియం క్రీ.శ. 80లో ప్రారంభమైంది. ఆ వెంటనే టైటస్ చక్రవర్తి దాని బొమ్మతో ఇత్తడి నాణెం వేయించాడు. సెస్టర్షియస్ అనే ఈ నాణెం వెడల్పు సుమారు మూడున్నర సెంటీమీటర్లే. అంత కొద్ది చోటులోనే కమానుల వరుసలు, వాటిలో నిలిపిన విగ్రహాలు, ఎడమ పక్కన మెటా సుడాన్స్ అనే ఫౌంటెన్ కూడా కనిపిస్తాయి. కట్టడాన్ని కాస్త పైనుంచి చూస్తున్నట్టు చెక్కడంతో లోపలి మెట్లూ కనబడతాయి. ఆ మెట్ల నిండా సన్నని చుక్కలు. అవన్నీ ప్రేక్షకులే! అచ్చు చెక్కిన ఆ పనివాడి పేరు మనకు దక్కలేదు కానీ, అతని నేర్పుకు చేతులెత్తి మొక్కాల్సిందే.

అయితే నాణెంపై ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టుగా నమ్మకూడదు. రోమ్‌లోని జూపిటర్ గుడి ముందు వరుసలో ఆరు స్తంభాలుంటే, క్రీ.పూ. 78 నాటి వెండి దినారంపై నాలుగే ఉన్నాయి. చోటు చాలనప్పుడు స్తంభాలు తగ్గించడం, లోపలి దేవుడు కనబడేలా నడిమి స్తంభాలను పక్కకు జరపడం అప్పట్లో మామూలే.

అయినా ఈ నాణేలే దిక్కయిన సందర్భాలున్నాయి. పార్థియన్లపై విజయానికి గుర్తుగా కాపిటోలిన్ కొండపై నీరో చక్రవర్తి కాలంలో కట్టిన తోరణం ఇప్పుడు లేదు. దానిపై నాలుగు గుర్రాల రథం, పక్క గూటిలో యుద్ధదేవత మార్స్ విగ్రహం ఉండేవని తెలిసింది నీరో నాణేల వల్లే.