మాట రాసిన ఉత్తరం

ఇరాక్ యుద్ధంలో అమెరికన్ సైనికులను ఎక్కువగా దెబ్బతీసింది రోడ్డు పక్కన పాతిపెట్టిన బాంబు. ఒంటికి తొడుక్కున్న కవచం గుండెనూ పొట్టనూ కాపాడేది. చేతులకూ కాళ్లకూ ఆ అండ లేదు. ప్రాణం దక్కినా, వేళ్లు దక్కనివాళ్లు ఆసుపత్రులకు చేరారు. ఇంటికి రెండు ముక్కలు రాయాలన్నా పక్కవాళ్లను బతిమాలాలి. భార్యతో చెప్పుకోవలసిన మాట మూడో మనిషి చేత రాయించడం ఎంత ఇబ్బందో, చదువు రాక ఉత్తరాలు రాయించుకున్నవాళ్లకు తెలుసు.

2005లో అలా చేతులకు గాయాలైన ఒక కెప్టెన్, మాటలు విని టైపు చేసే సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. ఆ అనుభవంలోంచే ‘వాలర్ ఐటీ’ అనే కార్యక్రమం పుట్టింది. దాని కింద సోల్జర్స్ ఏంజెల్స్ అనే స్వచ్ఛంద సంస్థ విరాళాలు పోగుచేసి, గాయపడ్డవారికి అలాంటి ల్యాప్‌టాప్‌లు అందించింది.

ఇంతకూ కంప్యూటర్‌కు మాట ఎలా అర్థమవుతుంది? మైకులో పడ్డ శబ్దాన్ని అది దాదాపు సెకనులో వందో వంతు చొప్పున ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఏ ధ్వని ఎంత బలంగా ఉందో కొలుస్తుంది. ఒక్క ధ్వనినే పట్టుకుని తేల్చెయ్యదు. ‘ప’ కావచ్చు, ‘బ’ కూడా కావచ్చు అని రెండింటికీ చెరికొంత అవకాశం ఇచ్చి, ఇరుగుపొరుగు మాటలను చూస్తుంది. ఇంగ్లీషులో ‘రైట్’ అని వినిపిస్తే రాయడమా, కుడివైపా? వెనకాల ‘లెటర్’ వస్తే రాయడం, ‘హ్యాండ్’ వస్తే కుడి.

ఈ లెక్క వెనక ఉన్నది రష్యన్ గణితవేత్త మార్కోవ్. 1913లో ఆయన పుష్కిన్ కావ్యం ముందు పెట్టుకుని, 20,000 అక్షరాల్లో అచ్చు వెనక హల్లు, హల్లు వెనక అచ్చు ఎన్నిసార్లు వస్తాయో లెక్కపెట్టారు. ఆ గణితాన్ని అరవై ఏళ్ల తర్వాత మాటకు అన్వయించినవారిలో జేమ్స్ బేకర్ ముఖ్యుడు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయనకు పరిశోధన నేర్పిన గురువు రాజ్ రెడ్డి, నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మన తెలుగువారు. ఈ సంగతి చెప్పకుండా ఉండలేను. బేకర్, భార్య జానెట్‌తో కలిసి 1982లో డ్రాగన్ సిస్టమ్స్ కంపెనీ పెట్టారు. 1990లో వాళ్లు తెచ్చిన సాఫ్ట్‌వేర్‌తో మాటకూ మాటకూ మధ్య ఆగాల్సి వచ్చేది. 1997లో వచ్చిన ‘నాచురల్లీ స్పీకింగ్’తో గాని మామూలుగా మాట్లాడుకుంటూ పోవడం కుదరలేదు.

మరి మౌస్ పట్టుకోలేని మనిషి స్క్రీన్ మీద ఒక మూలనున్న చిన్న గుర్తును ఎలా నొక్కాలి? ‘మౌస్‌గ్రిడ్’ అని పలికితే స్క్రీన్ అంతా 9 గళ్లుగా విడిపోతుంది. అంకె చెబితే ఆ గడి మళ్లీ 9 గళ్లవుతుంది. మూడు అంకెలు చెప్పేసరికి స్క్రీన్‌లో 729వ వంతు చోటుకు చేరిపోతాం. ఇంత తేలికైన ఉపాయం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

అలాగని దీన్ని మహిమగా చెప్పలేను. పేలుడు చేతులతో ఆగదు. దవడో గొంతో దెబ్బతింటే మాట స్పష్టంగా రాదు. తలకు గాయమైనవారికి ఏ పనికి ఏ మాట అనాలో గుర్తుంచుకోవడమే భారం. వార్డులోని టీవీ మోత, పక్క మంచం కబుర్లు మైకులో పడి వాక్యంలో దూరతాయి. నోటి దగ్గరే ఉండే హెడ్‌సెట్ మైకు కొంత మేలు. ఇక రాసేదంతా పైకి చెప్పాల్సిందే కాబట్టి పక్కవాళ్ల చెవిన పడుతుంది.

అయినా ఒక ఆదేశం దగ్గర నా మనసు ఆగిపోతుంది. ‘స్క్రాచ్ దట్’ అంటే అప్పుడే చెప్పిన మాటలు చెరిగిపోతాయి. ఎదురుగా కలం పట్టుకున్నవారిని పదే పదే కొట్టెయ్యమనడానికి ఎవరికైనా మొహమాటమే. రాసిందే చాలనుకుని సంతకం దాకా వచ్చేస్తారు. ఇక్కడ ఆ మొహమాటం లేదు. అర్ధరాత్రి నిద్ర పట్టని వేళ ఒకే వాక్యాన్ని పదిసార్లు చెప్పి, పదిసార్లు చెరిపి, పదకొండోది నచ్చితే ఉంచుకోవచ్చు.