కప్పు మీద అమ్మీజాన్

రంజాన్ చివరి రోజుల్లో భీమునిపట్నం నుంచి విశాఖ పూర్ణా మార్కెట్‌కు వెళ్ళేవారు ఇప్పుడు బట్టలు, అత్తరు, సేమ్యాలతో పాటు ఫొటో ముద్రించిన కప్పులు కూడా తెస్తున్నారు. కాగితంపై అచ్చువేసిన బొమ్మను కప్పుకు చుట్టి దాదాపు 180 డిగ్రీల వేడిలో నొక్కితే, రంగు ఆవిరై పైపూతలో ఇంకిపోతుంది. కడిగినా పోదు.

నిరుడు ఈద్‌కు మా పాత విద్యార్థి అటువంటి కప్పు తెచ్చాడు. దానిపై మరణించిన మా అమ్మీజాన్ ముఖం! హజ్ పాస్‌పోర్టు కోసం ఆమె తీయించుకున్న ఒకే ఒక ఫొటో. మా తమ్ముడిని అడిగి సంపాదించాడట. "హజ్రత్, మీరు సంతోషిస్తారనుకున్నాను" అన్నాడు. మాకు మాట రాలేదు.

బొమ్మలున్న తెరను దైవప్రవక్త (స) ఇష్టపడలేదనీ, హజ్రత్ ఆయిషా (రజి) దాన్ని కోసి దిండ్లు చేశారనీ హదీసుల్లో ఉంది. కెమెరా ఫొటోకు ఇది వర్తించదని ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ వాదించారు. దేవ్‌బంద్ ఉలమాలో ఎక్కువమంది పాస్‌పోర్టు వంటి అవసరాలకే అనుమతించారు. మేము చదువుకున్నది ఈ రెండో మాటే. అయితే గొర్రె గిట్టనిచ్చినా చిన్నచూపు చూడవద్దన్నదీ ప్రవక్త (స) బోధే కదా!

కప్పును నమాజు గదిలో పెట్టలేదు. అందులో టీ తాగడానికీ మనసొప్పలేదు. బీరువాలో దాచాము. ప్రాణం లేనివాటి బొమ్మలు వేసుకోమని ఇబ్న్ అబ్బాస్ (రజి) ఒక చిత్రకారుడికి చెప్పారు గనుక, ఈసారి భీమిలి దీపస్తంభం ఫొటో వేయించమన్నాము. అతను తల ఊపాడు.

బీరువా మాత్రం ఈమధ్య తరచుగా తెరుస్తున్నాము.