పొరల కింద వెలుతురు

తైలవర్ణాలతో ప్రకృతి దృశ్యం వేసేవారు ఒక పూత ఆరేదాకా ఆగి, ఆ తర్వాతే మరో పూత ఎందుకు వేస్తారని అడిగితే, అది పాతకాలపు పద్ధతి అనేస్తారు చాలామంది. నిజానికి ఆ ఓపికను కోరేది సంప్రదాయం కాదు, నూనె. నీటిరంగులో నీరు ఆవిరైతే చాలు, ఆరిపోతుంది. అవిసె నూనె అలా కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడి పొర కడుతుంది. నూనె పాలు ఎక్కువైన కొద్దీ ఆలస్యం, దాంతోపాటు పొరకు సాగే గుణం పెరుగుతాయి. అందుకే అడుగున టర్పెంటైన్‌తో పలచన చేసిన రంగు, పైకి వెళ్లేకొద్దీ నూనె హెచ్చిన రంగు వేస్తారు. ఈ వరస తలకిందులైతే పైపూత ముందే బిగుసుకుంటుంది, అడుగుది ఇంకా కదులుతూనే ఉంటుంది. కొన్నేళ్లకు బొమ్మలోని ఆకాశం ఎండిన చెరువులా బీటలు వారుతుంది.

పొరలు మన్నిక కోసమే కాదు, కంటి కోసం కూడా. ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821లో ప్రదర్శించిన ‘ది హే వెయిన్’ చూడండి. స్టౌర్ నదిలో ఆగిన బండి, వెనక చెట్లు, దూరాన ఎండ పడిన గడ్డిమైదానం. వెడల్పు సుమారు 185 సెంటీమీటర్లు. దీనికి ముందు దాదాపు ఇంతే పరిమాణంలో ఆయన ఒక చిత్తు వేసుకున్నాడు. ఇప్పుడది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అందులో గోధుమరంగు అడుగుపూత చాలాచోట్ల బయటికే కనిపిస్తుంది, ఒడ్డున గుర్రంమీద ఒక మనిషీ ఉంటాడు. నేషనల్ గ్యాలరీలో ఉన్న పూర్తి చిత్రంలో ఆ మనిషి లేడు. పొరల పద్ధతి ఆలోచన మార్చుకోవడానికీ చోటిస్తుంది. ఇక వెలుతురు సంగతి. ఆరిన పసుపు మీద పలచటి ఆకుపచ్చ పూస్తే, కాంతి పైపూతను దాటి అడుగు రంగును తాకి వెనక్కి వస్తుంది. ఆ రెండు రంగులనూ ముందే కలిపి పూస్తే ఆ లోతు రాదు. దూరపు కొండల మీద మంచు కావాలంటే, ముదురు రంగు ఆరాక దాదాపు పొడిగా ఉన్న కుంచెతో లేత నీలం తెరలా రుద్దుతారు.

ఇంప్రెషనిస్టులు ఆరుబయట చకచకా వేసి ఈ ఆలస్యం అక్కర్లేదని చూపించారు కదా అని ఆక్షేపణ. క్షణంలో మారిపోయే ఎండను పట్టుకోవడానికి వారి దారి గొప్పదే. కానీ వారిలో ఒకడైన మోనే రూఆన్ చర్చి చిత్రాలను 1892, 1893లలో అక్కడే మొదలుపెట్టినా, జివెర్నీలోని తన స్టూడియోలో మళ్లీ మళ్లీ దిద్ది ముగించాడు. వేగం చూసి మెచ్చుకునేవారికి ఆ దిద్దుబాటు కనిపించదు. పొరల బొమ్మలు మసకగా, గోధుమరంగులో ఉంటాయనేది ఇంకో ఫిర్యాదు. ఆ మసక చాలాసార్లు పచ్చబడిన పాత వార్నిష్‌ది, నిపుణులు దాన్ని తీసేయగలరు. అయితే కొత్తగా మొదలుపెట్టేవారు ఆ వార్నిష్‌కు తొందరపడొద్దు. వేలికి ఆరినట్టే తగిలినా లోపల నూనె ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది కాబట్టి, మామూలు మందం పూతకు కనీసం ఆరు నెలలు గడవనివ్వండి.