గొయ్యి ఉందని ఎవరికి తెలుసు?

భీమునిపట్నం నుంచి నర్సీపట్నం పోయే బి.ఎన్. రోడ్డు చోడవరం దాటి బుచ్చయ్యపేట మండలంలోని వడ్డాది మీదుగా సాగుతుంది. వానాకాలంలో ఈ దారిన బండి నడిపేవాళ్లు ఎండిన గొయ్యి కన్నా నీళ్లు నిండిన గొయ్యికే ఎక్కువ భయపడతారు. లోతు కనబడదు కదా. చీకట్లో మోటారు సైకిలు ముందు చక్రం అందులో దిగి మనిషి కిందపడి చనిపోతే ఎదురొచ్చిన లారీ లేదు, గుద్దినవాడు లేడు. ఊళ్లో మాత్రం తీర్పు అయిపోతుంది: చూసుకుని నడపొద్దా? చట్టం అంత తొందరగా తేల్చదు. ఆ గొయ్యి ఉందని ఎవరికి తెలుసు, తెలిశాక ఏం చేశారు అని అడుగుతుంది.

గొయ్యి పడుతుందని తెలియడంలో వింతేమీ లేదు. తారు పైపొర బీటలు వారితే వాన నీరు కిందికి దిగి కంకర పొరను మెత్తబరుస్తుంది. బరువైన చక్రం వెళ్లిన ప్రతిసారీ ఆ నీరు ఒత్తిడికి పైకి చిమ్ముతూ సన్నమట్టిని తోడుకుపోతుంది. కింద బోలు ఏర్పడుతుంది, ఒకరోజు పైపొర కుంగిపోతుంది. అమెరికాలోని ఇల్లినాయ్‌లో 1958–60 మధ్య ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి ఒక సంగతి తేల్చారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, సుమారు 16 రెట్లు. చోడవరం దగ్గరి గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన దారుల్లో గోతులు ఎందుకు పడతాయో ఇంజినీరుకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఎక్కడ, ఏ కాలంలో, ఎలాంటి బండ్ల వల్ల పడతాయో ముందే చెప్పగలిగిన దాన్ని దైవఘటన అనడం కష్టం.

పూర్వం న్యాయస్థానాలు అలా ఆలోచించలేదు. 1788లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో శిథిలమైన వంతెన మీద ఒకరి బండి విరిగింది. అతను ఆ కౌంటీ జనం మీదే దావా వేశాడు. కోర్టు కొట్టేసింది. అందరికీ ఇబ్బంది కలగడం కన్నా ఒక్కడు నష్టపోవడమే నయమని ఒక న్యాయమూర్తి అన్నాడు. ఆ తర్వాత స్థిరపడిన సూత్రం ఇంకా విడ్డూరం. రోడ్డు సరిగ్గా బాగుచేయకపోతే తప్పు, అసలు బాగుచేయకపోతే తప్పు కాదు! అంటే ఏమీ చేయని అధికారే అందరికన్నా సురక్షితం. 1961లో బ్రిటన్ పార్లమెంటు దాన్ని రద్దు చేసింది.

మన సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడదగ్గవి. 1951 ఏప్రిల్‌లో ఢిల్లీ చాందినీ చౌక్‌లో టౌన్‌హాల్ ఎదుటి గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయారు. లోపం పైకి కనబడలేదు, మాకెలా తెలుస్తుందంది పురపాలక సంస్థ. ఆ కట్టడానికి సుమారు 80 ఏళ్లు. అలాంటి కట్టడం 40–45 ఏళ్లకు మించి నిలవదని నిపుణుడి సాక్ష్యం. వయసు మీరిన కట్టడాన్ని పరీక్షించి చూడాల్సిన పని నీదే, తెలియదంటే కుదరదని 1966లో సుప్రీంకోర్టు తేల్చింది.

రెండోది రాజ్‌కోట్‌ది. 1975లో ఆఫీసుకు నడిచి వెళ్తున్న ఉద్యోగి మీద రోడ్డు పక్క చెట్టు పడింది. భార్య వేసిన దావా కింది కోర్టుల్లో గెలిచినా 1997లో సుప్రీంకోర్టులో వీగిపోయింది. చెట్టు పడబోతోందని కార్పొరేషన్‌కు తెలుసనడానికి ఆధారం లేదు, ఊళ్లోని ప్రతి చెట్టునూ ఎప్పటికప్పుడు పరీక్షించమనడం మోయలేని భారం అన్నారు. ఆ ఇల్లాలి సంగతి తలచుకుంటే మనసొప్పదు గానీ, తర్కాన్ని తోసేయలేం.

మరి గొయ్యి గడియార స్తంభమా, చెట్టా? నా మటుకు స్తంభమే. చెట్టు తనంతట పెరిగింది, రోడ్డు మనం వేసింది. పైగా గొయ్యి రాత్రికి రాత్రి పుట్టదు. ఆర్టీసీ బస్సు రోజూ దాన్ని తప్పించుకునే పోతుంది. 2024 నవంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు రాష్ట్రమంతటా గుంతలు పూడ్చే కార్యక్రమాన్ని మొదలుపెట్టింది అనకాపల్లి జిల్లాలోనే, పరవాడ మండలం వెన్నెలపాలెంలో. అంత చేశాక ప్రభుత్వం తనకు తెలియదనడానికి వీల్లేదు.

మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 198–ఎ సెక్షన్ కూడా తెలుసుకోవడం చుట్టూనే తిరుగుతుంది. నిర్దేశించిన ప్రమాణాలు పాటించక మరణానికో అంగవైకల్యానికో కారణమైన గుత్తేదారుకు, రోడ్డు నిర్వహించే అధికార సంస్థకు లక్ష రూపాయల వరకు జరిమానా. ఆ రోడ్డు మీద ఎలాంటి బండ్లు తిరుగుతాయి, ప్రమాదకరంగా ఉందని వారికి తెలుసా, తెలియాల్సిందా, వెంటనే పూడ్చలేకపోతే హెచ్చరిక బోర్డైనా పెట్టారా అన్నవి కోర్టు చూడాలి. బోర్డు మాట గమనించండి. నిధులు రాలేదన్న జవాబు తారుకు చెల్లుతుందేమో, ఒక ఎర్రజెండాకూ నాలుగు రాళ్లకూ చెల్లదు.

అయితే ఆ లక్షలో బాధితుడికి నేరుగా పైసా రాదు. జరిమానా ప్రమాద నిధికి జమ అవుతుంది. థర్డ్ పార్టీ బీమా కూడా ఇక్కడ అక్కరకు రాదు, తనంతట తాను పడ్డ యజమాని మూడో మనిషి కాడు కాబట్టి. వ్యక్తిగత ప్రమాద బీమా కట్టి, చెల్లే లైసెన్సు ఉంటేనే మరణానికి రూ.15 లక్షలు. పాలసీ తీసేటప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేసేవాళ్లూ మన దగ్గర ఉన్నారు.

2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఒక అడుగు ముందుకేసింది. గోతుల వల్ల చనిపోతే కుటుంబానికి రూ.6 లక్షలు, గాయపడితే తీవ్రతను బట్టి రూ.50 వేల నుంచి రూ.2.5 లక్షలు ఇవ్వాలంది. ఆ తీర్పును మన హైకోర్టు ముందు ఉదాహరించవచ్చు గానీ, వడ్డాది దగ్గర పడ్డవాడు దాన్ని పట్టుకుని నేరుగా డబ్బు అడగలేడు. రిట్ వేయాలి, లేదా సివిల్ దావా వేయాలి. ప్రభుత్వం మీద దావాకు ముందు, అత్యవసరమైతే తప్ప, రెండు నెలల నోటీసు తప్పనిసరి. బండి వేగం, హెల్మెట్, తాగి ఉన్నాడా అన్నవన్నీ అవతలి వకీలు అడుగుతాడు, పరిహారంలో ఆ మేరకు కోత పడొచ్చు. ఇవతలి వకీలుకు కావాల్సిందల్లా ప్రమాదానికి ముందు తేదీతో ఆర్ అండ్ బి (రోడ్లు, భవనాల శాఖ) కార్యాలయంలో ఎవరో ఇచ్చిన ఫిర్యాదు, దాని మీద అందినట్టు వేసిన ముద్ర.