చింత – చిరునవ్వు



దర్శనమునకు వచ్చి క్యూలో నిలిచిన గృహస్థుని మనస్సు స్వామిపై ఉండవలెను. కాని ఆయన ఏమి తలచుచున్నాడు? 'వంటింట గ్యాసు కట్టితినా? తాళము సరిగా పడినదా? అమెరికాలోని అబ్బాయి నిన్న ఫోను చేయలేదేమి?' గర్భాలయము ఎదుట చేతులు జోడించును గాని, కన్నులు మూయగానే గ్యాసుపొయ్యియే కనిపించును! చింతకును చితకును భేదము ఒక్క సున్న మాత్రమేయని పెద్దలు ఊరక అనలేదు.

నవ్వు దీనికి మందని నేడు పలువురు చెప్పుచున్నారు. 1995లో ముంబయిలో మదన్ కటారియా అను వైద్యుడు కొద్దిమందితో ఒక ఉద్యానవనమున ఆరంభించిన నవ్వుల సంఘము దేశదేశములకు వ్యాపించినది. మంచిదే. అయితే ఈ విషయమున మన గ్రంథములు చూపిన లోతును కూడ తెలిసికొనవలెను.

అర్జునుని స్థితిని స్మరింపుడు. అవయవములు పట్టుతప్పినవి. నోరెండినది. శరీరము వణకినది. గాండీవము చేజారినది. నిలువజాలకపోయెను. గీత ప్రథమాధ్యాయమున చెప్పబడిన ఈ లక్షణములనే నేడు ఆందోళనతో బాధపడువారు వైద్యునితో చెప్పుకొనుచున్నారు. అప్పుడు శ్రీకృష్ణుడు ఏమి చేసెను? ద్వితీయాధ్యాయము పదవ శ్లోకమును చూడుడు. ఉపదేశమునకు ముందు ఆయన నవ్వుచున్నవానివలె పలికెనని అందున్నది. పరిహాసవాక్యము పలుకుచున్నట్లుగాయని శ్రీరామానుజుల వ్యాఖ్యానము.

రెండు సేనల నడుమ, బంధువులందరు చావునకు సిద్ధమైన చోట, నవ్వా? ఇది అవహేళన కాదు. ఎగతాళి చేయువాడు ప్రతి ప్రశ్నకును అంత ఓపికతో సమాధానము చెప్పడు. భయమున మునిగినవానికి హితవాక్యము చెవికెక్కదు. ఆప్తుని ముఖమున చిరునవ్వు కనిపించినప్పుడు 'ఈతడు బెదరలేదే!' యను తలపు పుట్టును. ఆ క్షణమున చింత పట్టు సడలును. ఆ సందులోనే ఉపదేశము ప్రవేశించును. యుద్ధము మాత్రము తప్పలేదు సుమా! నవ్వు కష్టమును తొలగింపదు. కష్టమును తేరిపార చూచుటకు కావలసిన వ్యవధిని ఇచ్చును.

మేము పాఠశాలలో ఉన్న దినములలో, పనస అప్పగించుటకు నిలిచిన విద్యార్థికి గొంతు పట్టుకొనిపోయినచో గురువుగారు, "ఋక్కు ఎక్కడికిని పోదురా, వేల యేండ్లనుండి ఉన్నది. ముందు నీవు ఊపిరి పీల్చుకో" అనెడివారు. అందరము నవ్వెడివారము. వాడును నవ్వెడివాడు. స్వరము దానంతట అదే వచ్చెడిది. ఇందు వింత లేదు. చింతించువాని శ్వాస పైపైననే, త్వరత్వరగా ఆడును. నవ్వినప్పుడు ఊపిరి దీర్ఘముగా వెలికి వచ్చును. నవ్వు ముగిసిన పిదప బిగిసిన కండరములు వదులగును. ప్రాణాయామమున రేచకమునకు గల ప్రాధాన్యము తెలిసినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

భరతముని నాట్యశాస్త్రము ఆరవ అధ్యాయమున నవ్వును ఆరు విధములుగా విభజించెను. పలువరుస కనిపించని స్మితము మొదటిది. ప్రక్కలు పట్టుకొని నవ్వు అతిహసితము చివరిది. దీనిని ఆయన అధమపాత్రలకు విధించెను. అది రంగస్థల మర్యాద. మనుమలతో కూర్చున్న తాతగారికి ఆ నియమమేల?

మాకు ముఖ్యముగా తోచునది మరియొకటి. ఎవరి చింతను చూచి ఎవరు నవ్వవలెను? తన చింతను తాను పైకి చెప్పుకొన్నచో అది తరచు నవ్వు పుట్టించును. క్యూలోని గృహస్థుడు భార్యతో ఆ మాట అని చూడవలెను. "కట్టినది నేను, బెంగ మీకా?" అని ఆమె నవ్వును; ఆయనయు నవ్వును. ఇతరుల చింతను చూచి నవ్వుటకు మాత్రము కృష్ణార్జునుల మధ్యనున్నంత చెలిమి కావలెను. అది లేనిచోట నవ్వు గాయము చేయును.

వారముల తరబడి నిద్ర పట్టక, అన్నము సహింపక, ఎవరితోను పలుకక ఉన్నవారి మాట వేరు. అట్టివారితో "నవ్వుము, అంతయు పోవును" అనరాదు. వెంటనుండి వైద్యుని యొద్దకు తోడుకొని పోవలెను.