డికాషన్‌లో ఏముంది?

కాఫీ తాగగానే మగత వదిలించేది కెఫీన్. మనిషి మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పోగవుతుంది. ఇది నాడీకణాల మీది గ్రాహకాలకు అతుక్కున్నప్పుడు నిద్ర ముంచుకొస్తుంది. ఆ చోట్లలో కెఫీన్ ముందే చేరి కూర్చుంటుంది. అలసట అలాగే ఉంటుంది, తెలియదంతే. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6 గంటలకు తాగిన కాఫీ ప్రభావం రాత్రి 11 గంటలకూ ఉంటుందన్నమాట. నిద్ర పట్టడం లేదని బాధపడేవారు ముందు చూసుకోవలసింది ఈ లెక్కే.

రోజూ కాఫీ తాగేవారిలో టైప్-2 మధుమేహం, పార్కిన్సన్స్ వ్యాధి, కాలేయం గట్టిపడే సిర్రోసిస్, కాలేయ క్యాన్సర్ తక్కువగా కనిపిస్తున్నాయని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. కెఫీన్ తీసేసిన కాఫీ తాగేవారిలోనూ మధుమేహం తక్కువే. కాబట్టి గింజల్లోని క్లోరోజెనిక్ ఆమ్లం వంటి పదార్థాలకూ ఇందులో పాత్ర ఉండవచ్చు. అయితే ఇవన్నీ చాలావరకు జనం అలవాట్లను గమనించి తేల్చినవి. మేలు కాఫీ వల్లనే జరిగిందనడానికి రుజువులు కావు. మూత్రాశయ క్యాన్సర్‌కు కారణం కావచ్చని 1991లో కాఫీని అనుమానించిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, 2016లో ఆ మాటను వెనక్కి తీసుకుంది. 65 డిగ్రీలు దాటిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహిక క్యాన్సర్ ముప్పు ఉండవచ్చని మాత్రం హెచ్చరించింది. పొగలు కక్కే కాఫీని కాస్త చల్లార్చుకుని తాగడమే మంచిది.

తెలుగు ఇళ్లలో అసలు చిక్కు పంచదారతో. కప్పుకు రెండు చెంచాల చొప్పున మూడు కప్పులు తాగితే సుమారు 25 గ్రాములు లోపలికి పోతుంది. పంచదార రోజుకు అంతకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మధుమేహాన్ని దూరం పెడుతుందనుకుంటూ తియ్యటి కాఫీ మీద కాఫీ తాగడంలో అర్థం లేదు.

ఇడ్లీ తినగానే కాఫీ తాగడం మరో అలవాటు. కాఫీలోని పాలీఫినాల్స్ ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది గనుక ఇది చిన్న విషయం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీలు వద్దంటున్నాయి. కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదనీ చెబుతున్నాయి. 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది.

గుండెదడ, ఎసిడిటీ ఉన్నవారు తమ ఒంటి తీరును బట్టి తగ్గించుకోవాలి. గర్భిణుల ఒంట్లో కెఫీన్ మరింత ఎక్కువసేపు నిలిచి బిడ్డకూ చేరుతుంది కాబట్టి వారు 200 మిల్లీగ్రాముల లోపే ఆగాలి. పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు దాన్ని మంచినీళ్లతోనే మింగి, కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. వెంటనే తాగితే మందు ఒంటికి సరిగా పట్టదు.